యౌవన పిడకలు – రెటినాయిడ్ లేపనాలు వాడేవారికి నియమాలు

యౌవనంలో ముఖంపై లేచే మొటిమలను ఆయుర్వేదం ‘ముఖదూషిక’ అంటుంది. సుశ్రుతుడు వీటిని క్షుద్రరోగాలలో చేర్చి, బూరుగుముళ్లతో పోల్చాడు. కఫ, వాత, రక్తాలు కారణమన్నాడు. చర్మరంధ్రాలలో జిడ్డు, మృతకణాలు చేరి దారి మూసుకుపోవడమే మూలమని ఆధునిక వైద్యం చెబుతుంది.

‘ఎ’ విటమిన్ సంబంధమైన రెటినాయిడ్ లేపనాలు ఆ మూతను తొలగించి, మళ్లీ ఏర్పడకుండా చూస్తాయి. వీటిలో ట్రెటినాయిన్‌కు అమెరికాలో 1971లో అనుమతి లభించింది. తరువాత వచ్చిన అడపలీన్ కొంత సౌమ్యమైనది.

వాడే విధానం

రాత్రి ముఖం కడిగి, బాగా ఆరిన తరువాత శనగగింజంత లేపనాన్ని ముఖమంతటా పలుచగా రాయాలి. మొటిమపై మాత్రమే అద్దడం సరికాదు. కళ్లు, పెదవులు, ముక్కు మూలలు వదలాలి. మొదట రోజు విడిచి రోజు చాలు. చర్మం పొడిబారితే జిడ్డులేని మాయిశ్చరైజర్ రాసుకోవచ్చు. తొలి వారాలలో ఎరుపు, పొట్టు కనిపిస్తాయి. మొటిమలు కాస్త పెరగవచ్చు. ఫలితానికి 12 వారాలు ఓపిక పట్టాలి.

కూడనివి

ఎక్కువ మండితే మందు బాగా పనిచేస్తున్నదనుకోవడం భ్రమ. మన చామనఛాయ చర్మంపై ఆ మంటే నల్లమచ్చగా మిగులుతుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలో నిమ్మకాయలకు కొదువ లేదు. మొటిమకు నిమ్మరసం రాయడం ఇంటింటి అలవాటు. రెటినాయిడ్ వాడే రోజులలో అది పనికిరాదు. సున్నిపిండితో గట్టిగా రుద్దడం, దాల్చినచెక్క ముద్ద పూయడం కూడా మానాలి. కొల్లేరు చేపల చెరువుల గట్లపై ఎండలో తిరిగేవారు పగలు గొడుగు, సన్‌స్క్రీన్ మరువరాదు.

గర్భిణులు, గర్భం కోరేవారు ఈ లేపనాలు వాడరాదు.

ట్రెటినాయిన్‌తో హైడ్రోక్వినోన్, స్టెరాయిడ్ కలిపిన క్రీములను కొందరు తెల్లబడాలని నెలల తరబడి రాస్తారు. స్టెరాయిడ్ చర్మాన్ని పలుచబరచి, తిరిగి మొటిమలనే తెస్తుంది. 2018లో కేంద్రప్రభుత్వం పలు స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీపైనే అమ్మాలని నిర్దేశించింది. ట్యూబుపై పేర్లు చదివి కొనండి.

మచ్చలు, గుంటలు

నల్లమచ్చలు నెలల మీద తగ్గుతాయి. లోతైన గుంటలు లేపనంతో పూడవు. వాటికి చర్మవైద్యుని చికిత్స అవసరం. గుంట పడకముందే, అనగా మొటిమ గిల్లకముందే, వైద్యం మొదలుపెట్టడం మేలు.