నందివర్ధనము - దానిని పెంచు విధము

మన పెరళ్లలో నందివర్ధనమంతటి సాధువైన పూచెట్టు అరుదు. మల్లె వేసవియందు విరగబూయును. ఇదియో, సంవత్సరము పొడుగునను ఇంచుకించుకగా పూయుచునే యుండును. అట్టి చెట్టును సయితము మేమొకమారు చేజేతుల చంపుకొంటిమి. ఆ పొరపాటు మా విద్యార్థులు చేయకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇది భారతదేశమునందును, తూర్పుననున్న ఉష్ణదేశములందును సహజముగా పెరుగు పొద. గన్నేరు కుటుంబములోనిది, ఆకు త్రుంచినచో తెల్లని పాలు కారును. దీని శాస్త్రీయనామము టాబర్నెమోంటానా డైవారికేటా. 16వ శతాబ్దమున మూలికలనుగూర్చి గొప్ప గ్రంథము రచించి, 1590లో మృతినొందిన యాకోబ్ థియోడోర్ అను జర్మను వైద్యుని లాటిను నామమునుండి ఈ పేరు వచ్చినది. ఆకులు జంటలుగా నుండి, ముదురుపచ్చగా నిగనిగలాడును. రేకనందివర్ధనమునకు 5 రేకులు. అవి గాలిమరవలె ఒకే ప్రక్కకు తిరిగియుండును. ముద్దనందివర్ధనమునకు రేకులు దొంతరలుగా నుండును. ముద్దపూవు కాయ పట్టుట అరుదు గనుక కొమ్మ నాటియే దీనిని పెంచుట వాడుక.

తొలకరి వానలు పడినపిమ్మట, పెన్సిలంత లావుగల, మరీ లేతగాని కొమ్మను 6 అంగుళముల పొడవున కణుపు క్రిందుగా కోయవలెను. పైనున్న రెండు మూడు ఆకులను మాత్రముంచి, తక్కినవి తీసివేయవలెను. వేళ్లులేని కొమ్మ నీటిని చాలినంతగా త్రాగజాలదు. ఆకులనుండి మాత్రము నీరు ఆవిరియగుచునే యుండును. కారిన పాలు ఆఱిన పిదప, ఇసుక కలిపిన మట్టిలో రెండు కణుపులు మునుగునట్లు గ్రుచ్చి, నీడను ఉంచవలెను. మన్ను తడిగా నుండవలెను గాని నీరు నిలువరాదు. నిలిచినచో కొమ్మ క్రుళ్లును.

ఇక మా పొరపాటు వినుడు. మేము నాటిన పండ్రెండు కొమ్మలును పదునైదు దినములలో చిగిర్చెను. వేళ్లు పట్టినవని సంతసించి వానిని ఎండలోనికి మార్చితిమి. నమ్మకము చాలక రెండింటిని పెఱికియు చూచితిమి. వాని అడుగున వేరన్నది లేదు! వారము తిరుగకముందే పండ్రెండును వాడిపోయెను. కొమ్మయందు నిలువయున్న ఆహారముతోనే చిగురు పుట్టునని అప్పుడు మాకు తెలియదు. కోసినచోట గాయము మానిన పిమ్మటగాని వేరు పుట్టదు. కావున చిగురును చూచి తొందరపడక, రెండు నెలలవఱకు కొమ్మను కదలింపరాదు. క్రొత్త ఆకులు పూర్తిగా విచ్చుకొని, మధ్యాహ్నమున సయితము వాడక నిలిచినప్పుడు వేళ్లు పట్టినవని యెఱుంగవలెను.

పిదప అడుగున్నర లోతు గోతిలో చివికిన పెంటయెరువు వేసి, చెట్టునకు చెట్టునకు 5 అడుగుల ఎడముంచి నాటవలెను. నీడలోను బ్రదుకును గాని, ఎండ తగిలినచోట పూలు హెచ్చు. పూలు కొమ్మల కొనలయందు పుట్టును. అందుచేత అప్పుడప్పుడు కొనలు కత్తిరించినచో కొమ్మలును పూలును పెరుగును. గన్నేరు ఆకులను తినెడి పెద్ద పచ్చపురుగు దీనినిగూడ తినును. దానిని చేతితో ఏరివేసిన చాలును.

ఒక హెచ్చరిక. ఈ చెట్టు విషముగలది. దీని పూరసమును కంటిజబ్బులకు పిండుట పూర్వమునుండియు కలదు, అది అపాయకరము. కన్ను నొచ్చినచో వైద్యునియొద్దకే పోవలెను. కొమ్మలు కోసినపిమ్మట చేతులు కడుగుకొనవలెను.

మఱుసటి తొలకరిని మేము మరల పండ్రెండు కొమ్మలు నాటి, ఈసారి వాని జోలికి పోలేదు. తొమ్మిది బ్రదికెను. చిగురు కనబడుట వేఱు, వేరు పట్టుట వేఱు అని మాకు నేర్పినవి ఆ చచ్చిన కొమ్మలే. ఒక్కమారు చదివినంతనే పాఠము వచ్చినదని పుస్తకము మూయు విద్యార్థులు ఈ మాటను జ్ఞప్తియందుంచుకొందురుగాక.