తోచింది చేయమనే ముందు

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. కంటెంపరరీ డాన్స్ క్లాసులో ఇంప్రొవైజేషన్ నేర్పడం మొదలుపెట్టావని చదివి చాలా సంతోషించాను. "మీకు తోచింది చేయండి" అనగానే సగంమంది బిగుసుకుపోయారనీ, మిగతావాళ్లు వచ్చిన సినిమా స్టెప్పులే తిప్పి తిప్పి వేశారనీ రాశావు. అందులో పిల్లల తప్పేమీ లేదమ్మా. పట్టుకోవడానికి ఏమీ లేనప్పుడు ఒళ్లు తన అలవాటునే పట్టుకుంటుంది. ముందు వాళ్లకొక నియమం ఇవ్వు.

మన పదాభినయమే చూడు. క్షేత్రయ్య పదంలో ఒకే పాదాన్ని మళ్లీ మళ్లీ పాడుతూ, కళావంతులు కూర్చున్నచోటే ఒక్కోసారీ ఒక్కో భావం పట్టేవారు. అందులో చాలాభాగం అప్పటికప్పుడు పుట్టిందే. కానీ నాయిక ఎవరు, ఆమె ఏ అవస్థలో ఉంది, రాగమేది, తాళం ఎక్కడ పడుతుంది అన్నవి మాత్రం కదలవు. వాటిని ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లకే మనోధర్మం పలికింది.

అమెరికాలో జరిగిందీ అంతే. 1972 జనవరిలో నర్తకుడు స్టీవ్ పాక్స్‌టన్ ఓబర్లిన్ కాలేజీ కుర్రాళ్లతో 'మెగ్నీషియం' చేశారు. మ్యాట్ల మీద పడటం, దొర్లడం, ఒకరినొకరు ఢీకొనడం, చివర కొన్ని నిమిషాలు ఊరికే నిలబడటం. ఒకరినొకరు తాకుతూ, బరువు పంచుకుంటూ చేసే కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్‌కు నాంది అదే. చూసేవాళ్లకు అది అడ్డూ ఆపూ లేని ఆటలా ఉంటుంది. కానీ పాక్స్‌టన్ అప్పటికే ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య సాధన చేసినవారు. దెబ్బ తగలకుండా దొర్లి లేవడం ఆ విద్యలో మొదటి పాఠాల్లో ఒకటి.

ఆ నిలబడటానికే తర్వాత 'స్మాల్ డాన్స్' అని పేరొచ్చింది. నీ క్లాసు దానితో మొదలుపెట్టు. అద్దానికి వీపు పెట్టి, కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు నిలబడమను. కదలొద్దని చెప్పకు. నిలబడటానికి ఒళ్లు ఎంత పని చేస్తోందో గమనించమను. బరువు మడమ నుంచి బొటనవేలి మొదలుకు జరుగుతుంది, చీలమండ సర్దుకుంటుంది, ఊపిరితో పక్కటెముకలు విచ్చుకుంటాయి. అది తెలిశాక ఏదో ఒక కదలికను కాస్త పెద్దది చేయమను. అడుగు దానంతటదే పడుతుంది. సినిమా స్టెప్పు వెతుక్కునే అవసరం వాళ్లకు రాదు.

తర్వాత ఒక్క నియమం. కొరియోగ్రాఫర్ విలియమ్ ఫోర్సైత్ 1999లో సీడీరామ్‌గా తెచ్చిన 'ఇంప్రొవైజేషన్ టెక్నాలజీస్'లో ఇలాంటివి బోలెడు. ఒంటిమీద రెండు బిందువుల మధ్య గీత ఉందనుకోవడం, దాన్ని సాగదీయడం, మడవడం, గాలిలో వదిలేసి దాని చుట్టూ తప్పుకుని పోవడం. మోచేతికీ మోకాలికీ మధ్య ఒక గీత ఇచ్చి చూడు. రెండోది అప్పుడే అందించకు. మొదటిదానితో విసుగెత్తనీ. ఆ విసుగు దాటాకే అసలు వెతుకులాట మొదలవుతుంది. ఆ సమయంలో మెచ్చుకోలుగానైనా నోరు తెరవకు. "బాగుంది" అన్నావంటే అందరూ దాన్నే చేస్తారు.

జంటల పని దగ్గర మాత్రం తొందరపడకు. ముందు నేలకు బరువు ఇవ్వడం రావాలి, తర్వాతే మనిషికి. తాకొచ్చా అని అడగడం, వద్దంటే కారణం అడగకుండా ఆగడం మొదటి రోజే నేర్పు. ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా ఇదే మాట. అమెరికాలో కూడా కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్‌ను సరిగా నేర్వకుండా చేసి దెబ్బలు తగిలించుకుంటున్నారని తెలిసి, ఆ పేరును తమ హక్కుగా రిజిస్టరు చేయించుకుందామా అని పాక్స్‌టన్ బృందం ఆలోచించింది. చివరికి అది మానుకుని, 1975లో ఒక న్యూస్‌లెటర్ మొదలుపెట్టారు. నేర్పేవాళ్లు తమ అనుభవాలు ఒకరికొకరు చెప్పుకోవాలన్నది వాళ్ల ఉద్దేశం. నువ్వూ తలుపులు మూసుకుని నేర్పకు. తోటి టీచర్లను పిలిచి చూడమను.

అన్నిటికన్నా ముఖ్యం నీ సాధన. క్లాసులో ఇచ్చే ప్రతి నియమాన్నీ ముందు నీ ఒంటిమీద పరీక్షించు. వెంటనే రెండు ముక్కలు రాసిపెట్టుకో: ఎక్కడ అలవాటులోకి జారావు, ఎక్కడ కొత్తది తగిలింది. నేర్పడం మొదలయ్యాక సొంత సాధన వదిలేసినవాళ్ల క్లాసు ఏడాది తిరక్కుండానే ఎండిపోతుంది. నీకు ఆ గతి పట్టకూడదని నా కోరిక.

ఈ వారం నిలబడటమూ, ఒక్క గీతా చాలు. పిల్లలు ఏం చేశారో వివరంగా ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ