మేనకోడలికి, లేత్ కొనే ముందు

అమ్మలూ,

నాటింగ్‌హామ్‌లో మీ ఇంటి వెనక గ్యారేజీలో చిన్న లేత్ పెట్టుకుని ఆవిరి ఇంజన్ల నమూనాలు చెయ్యాలని ఉందని రాశావు. ఏ లేత్ కొనమంటావు అని అడిగావు. టూల్‌రూమ్‌లో ఉద్యోగం చేసి రిటైరైన మేనమామకు ఇంతకన్నా ఇష్టమైన ప్రశ్న ఇంకోటి ఉండదు. కానీ జవాబు లేత్‌తో మొదలవదు. ఆ చుట్టుపక్కల ఈ పని చేసే మనుషులను ముందు వెతుక్కోవాలి. మిషను సంగతి ఆ తరువాత. ఇంగ్లండులో ఈ విద్య పెరిగిందే అలా.

1898 జనవరిలో పెర్సివల్ మార్షల్ ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక మొదలుపెట్టారు. మొదట్లో దాని పేరు చివర ‘అమెచ్యూర్ ఎలక్ట్రీషియన్’ అని కూడా ఉండేది. అదే ఏడాది ఈ పని మీద మోజున్నవాళ్ళంతా ఒకచోట చేరి లండన్‌లో సంఘం పెట్టుకున్నారు. 1907లో మొదటి ప్రదర్శన జరిగింది. అప్పటిదాకా రాత్రిళ్ళు ఇంట్లో కాలితో తొక్కే లేత్ మీద ఒంటరిగా కుస్తీపడే గుమాస్తాకీ, బడిపంతులికీ తన చిక్కు చెప్పుకునే చోటు దొరికింది. సిలిండర్ బోరు ఎందుకు వంకర పోతోందో, పిస్టన్ ఎందుకు పట్టేస్తోందో చెప్పే మనిషి దొరికాడు.

అలా చెప్పినవాళ్ళలో అందరికన్నా పేరు మోసినవారు కర్లీ లారెన్స్. కుర్రతనంలో లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వేలో పనిచేశారు. ఆ రైల్వే పొడి అక్షరాలనే కలంపేరు చేసుకుని ‘ఎల్.బి.ఎస్.సి.’ సంతకంతో 1967లో పోయేదాకా రాస్తూనే ఉన్నారు. 1920ల్లో దుకాణాల్లో దొరికే చిన్న ఇంజన్లలో చాలావాటికి స్పిరిట్ దీపంతో కాగే బాయిలర్లే ఉండేవి. పెద్ద ఇంజన్‌లో లాగా బొగ్గు మండించి, గొట్టాల గుండా వేడి పొగను పంపి ఆవిరి పుట్టించడం అంత చిన్న బాయిలర్‌లోనూ కుదురుతుందని లారెన్స్ పట్టుబట్టారు. పత్రిక పేజీల్లో పెద్ద వాదమే నడిచింది. ‘బాయిలర్ల యుద్ధం’ అని దానికి పేరు కూడా పెట్టారు. ఆయన ‘ఆయేషా’ అనే ఇంజన్ చేసి చూపించారు. పట్టాల మధ్య ఎడం రెండున్నర అంగుళాలే. బొగ్గుతో నడిచేది, నిండు మనిషిని కూర్చోబెట్టుకుని లాగేది.

ఆ వాదంలో గెలవడం కన్నా ఆ తరువాత ఆయన చేసిన పని గొప్పది. లేత్ ముఖం చూడనివాడు కూడా చదివి చెయ్యగలిగేలా ఇంజను తరువాత ఇంజను ముక్కముక్కా విడదీసి రాశారు. ఈ ముక్కను చక్‌లో ఎలా పట్టాలి, ఈ బెజ్జం ముందా ఆ బెజ్జం ముందా, ఎక్కడ చెయ్యి తొందరపడుతుంది అన్నీ బెంచీకి అటువైపు నిలబడి చెప్తున్నట్టే ఉంటాయి. మూడున్నర అంగుళాల పట్టాల మీద నడిచే ‘టిచ్’ అనే బుల్లి నాలుగు చక్రాల ఇంజను కొత్తవాళ్ళ కోసమే రూపొందించారు. నేటికీ ఇంగ్లండు క్లబ్బుల్లో దాన్ని చేసినవాళ్ళు కనిపిస్తారు.

నీ మనసు మాత్రం ఐదంగుళాల పట్టాల మీద నడిచే ఎక్స్‌ప్రెస్ ఇంజను మీద ఉంది. అది ఇప్పుడు వద్దు. ఆ సైజు ఇంజను తీరిక వేళల్లో చేసేవాళ్ళకు ఏళ్ళు తింటుంది. సగం చేసి గుడ్డ కప్పి వదిలేసిన ఫ్రేములు ఏ క్లబ్బు మూల చూసినా ఉంటాయి. స్టువర్ట్ కంపెనీ వారి ‘10వీ’ అనే నిలువు ఇంజనుతో మొదలుపెట్టు. పోత ముక్కలు పెట్టెలో వస్తాయి. సిలిండర్ బోరు ముప్పావు అంగుళం, స్ట్రోకు ముప్పావు అంగుళం, ఫ్లైవీల్ మూడంగుళాలు. టేబుల్ మీద ఒక మూల పట్టే ఈ వస్తువులో నేర్చుకోవలసిన పనంతా ఉంది. బోరు గుండ్రంగా, సమంగా రావాలి. సిలిండర్ అంచులు బోరుకు సరిగ్గా లంబంగా ఉండాలి. క్రాంక్ షాఫ్ట్ వంకర లేకుండా తిరగాలి. ఎక్సెంట్రిక్‌ను ఏ కోణంలో బిగిస్తే ఆవిరి సరైన క్షణంలో లోపలికి వెళ్తుందో చేత్తో తిప్పి చూస్తూ పట్టుకోవాలి. వీటిలో ఒక్కటి తప్పినా ఇంజను ఒకచోట బిగుసుకుంటుంది. ఆ చోటు వెతికి పట్టుకోవడమే చదువు. బాయిలర్ కూడా అక్కర్లేదు, గాలి కంప్రెసర్‌తో మొదట తిప్పి చూడొచ్చు.

ఆడపిల్లవని ఎవరైనా వింతగా చూస్తారేమోనని ఒక మాట రాశావు. ఇంగ్లండు మోడల్ ఇంజనీర్లలో అందరూ తలవంచి నమస్కరించేది చెర్రీ హిల్ అనే ఆవిడకు. ఈ రంగంలో అన్నిటికన్నా పెద్దదైన డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో ట్రోఫీని ఆవిడ తొమ్మిదిసార్లు గెలుచుకున్నారు. పందొమ్మిదో శతాబ్దపు విచిత్రమైన ట్రాక్షన్ ఇంజన్లను, వాటిలో కొన్నిటికి అసలు బండి ఒక్కటీ మిగలని వాటిని కూడా, పాత బొమ్మలూ పేటెంటు కాగితాలూ తవ్వి తీసి, పదహారో వంతు సైజులో చేశారు. ఆవిడ తన నమూనాలను లండన్‌లోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థకు ఇచ్చేశారు. లండన్ వెళ్ళినప్పుడు ముందుగా కనుక్కుని చూసి రా. అంత చిన్న బోల్టుల మీద ఆరు పలకలు ఎంత కచ్చితంగా ఉన్నాయో చూస్తే చాలు, వింతచూపుల బెంగ పోతుంది.

ఇక లేత్. నువ్వున్న ఊరి పక్కనే ఉన్న బీస్టన్‌లో మైఫోర్డ్ ఫ్యాక్టరీ ఉండేది. 1946లో వాళ్ళు తెచ్చిన ‘ఎంఎల్7’ ఆ దేశపు గ్యారేజీలన్నిటికీ చేరింది. బెడ్ పైనుంచి సెంటరు ఎత్తు మూడున్నర అంగుళాలు, అంటే ఏడంగుళాల ఫ్లైవీల్ దాకా తిప్పొచ్చు. క్రాస్ స్లైడ్ మీద టీ ఆకారపు గాళ్ళు ఉంటాయి. సిలిండర్‌ను దాని మీదే బిగించి, బోరింగ్ బార్‌ను సెంటర్ల మధ్య తిప్పి బోరు చెయ్యొచ్చు. పెద్ద మిషను లేనివాళ్ళకు అది వరం. ఆ ఫ్యాక్టరీ 2011లో మూతపడినా పేరు చేతులు మారి స్పేర్ పార్టులు దొరుకుతూనే ఉన్నాయి. నా ఓటు బాగా చూసుకున్న పాత ఎంఎల్7కే. అదే డబ్బుకు వచ్చే కొత్త చౌక మిషను కొని దాన్ని సరిచేసుకోవడంలోనే మొదటి ఏడాది గడపడం నీకు అనవసరం.

పాతది కొనేటప్పుడు రంగు చూడకూడదు. సాడిల్‌ను చక్ దగ్గరకు తెచ్చి, గిబ్ కొద్దిగా బిగించి, టెయిల్‌స్టాక్ వైపు నడిపి చూడాలి. అక్కడ పట్టేస్తే చక్ దగ్గర బెడ్ అరిగిందన్నమాట, ఎందుకంటే పని ఎక్కువగా జరిగేది అక్కడే. చక్‌లో బలమైన కడ్డీ పట్టి, దాని మీద డయల్ గేజి ఆనించి, కడ్డీని పైకి ఎత్తి చూడాలి. ఎంఎల్7కు వైట్ మెటల్ బేరింగులు ఉంటాయి. కొద్దిపాటి వదులును షిమ్ములు తీసి సరిచేయవచ్చు, మరీ ఎక్కువుంటే బేరం వదులుకోవడం మేలు. బ్యాక్ గేర్ పళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టినట్టు చూడు. స్పిండిల్‌ను కదలకుండా పట్టడానికి దాన్ని వాడి పన్ను విరగ్గొట్టినవాళ్ళు చాలామంది.

అంగుళాల కొలతలు చూసి బెదరకు. ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.0254 మిల్లీమీటరు. పాత డ్రాయింగుల్లో సన్న స్క్రూలన్నీ బీఏ సైజుల్లో ఉంటాయి. పక్కా బ్రిటిష్ పద్ధతి అనిపించే ఆ బీఏ మరలు నిజానికి మెట్రిక్ లెక్క మీద పుట్టినవి. సున్నా బీఏ అంటే 6 మిల్లీమీటర్ల మందం, 1 మిల్లీమీటరు పిచ్. కానీ మర కోణం 47.5 డిగ్రీలు, మామూలు మెట్రిక్ మరలకేమో 60. దగ్గరగా ఉంది కదా అని దానికి ఇది బిగిస్తే మర పాడవుతుంది. డబ్బాలు విడివిడిగా పెట్టుకో, పేరు రాసి అంటించు.

ఆ చలిలో ఇనుముకు పెద్ద శత్రువు తడి. రాత్రి చల్లబడిన లేత్ మీద పొద్దున వెచ్చటి గాలి తగిలితే చెమ్మ పడుతుంది. కిరోసిన్ హీటరు వెలిగిస్తే ఇంకా అన్యాయం, ఒక లీటరు కిరోసిన్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా గాల్లోకి చేరుతుంది. కరెంటు హీటరే వాడు, పని అయ్యాక బెడ్ తుడిచి పల్చగా నూనె రాసి గుడ్డ కప్పు. గ్యారేజీ చెప్పులు గ్యారేజీలోనే విడిచిపెట్టు. ఇత్తడి రజను ఇంట్లో కార్పెట్‌లో దిగిందంటే అరికాళ్ళకే తెలుస్తుంది, అల్లుడుగారి ఓర్పుకూ హద్దు ఉంటుంది.

జడ సంగతి. ముడి వేసి టోపీలోకి దోపకుండా లేత్ స్విచ్ మీద చెయ్యి వెయ్యకు. చున్నీ, గాజులు, ఉంగరం, గుళ్ళో కట్టిన తోరం, ఏదీ ఒంటి మీద ఉండకూడదు. తోరం తియ్యడానికి మనసొప్పకపోతే ఆరోజు లేత్ ముట్టుకోవద్దు. చేతి తొడుగులు కూడా వద్దు, తిరిగే చక్ వాటిని వేళ్ళతో సహా లాక్కుంటుంది. చక్ కీ బిగించిన చెయ్యే దాన్ని తీసెయ్యాలి, మధ్యలో ఇంకే పనీ పెట్టుకోకూడదు. ఈ విషయంలో నీ మామయ్య మాట జవదాటవని నమ్ముతున్నాను.

ఎప్పటికైనా బాయిలర్ దాకా వస్తావు. అది రాగితో చేస్తారు, అతుకులు వెండి టంకంతో వేస్తారు. 55 శాతం వెండి ఉన్న, కాడ్మియం లేని టంకం 630 నుంచి 660 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. మన కంసాలులు వెలిగారం వాడతారని నీకు తెలుసు, కానీ ఈ టంకం వెలిగారం కరిగే వేడికన్నా తక్కువలోనే కరుగుతుంది కాబట్టి దీనికి ఫ్లోరైడ్ కలిసిన ఫ్లక్స్ కావాలి. ఆ పొగ పీల్చరాదు, తలుపు తీసి పెట్టాలి. రాగి వేడిని ఎంత త్వరగా లాగేస్తుందంటే చిన్న టార్చీ చాలదు, ఒక్కోసారి ఇద్దరు రెండువైపుల నుంచీ మంట పట్టాలి. అందుకే మొదటి బాయిలర్ ఎవరూ ఒంటరిగా చెయ్యకూడదంటాను.

తరువాత క్లబ్బు ఇన్‌స్పెక్టరు పరీక్ష. కొత్త బాయిలర్‌ను నీటితో నింపి, అది పనిచెయ్యాల్సిన ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడి పెడతారు. తరువాతి పరీక్షల్లో ఒకటిన్నర రెట్లు. నీటితోనే ఎందుకంటే నీరు నొక్కితే దాదాపు కుదించుకుపోదు. అతుకు విడిపోతే కారుతుంది గానీ పేలదు. ఈ నియమాలన్నీ అనుభవమున్న ఔత్సాహికులు కూర్చుని రాసుకున్నవి. అవి పాటించే క్లబ్బుల పట్టాల మీద ఆదివారాలు పిల్లలు రైలెక్కి తిరుగుతున్నారు. ఎవరింట్లోనో గ్యారేజీలో పుట్టిన ఇంజను వెనక అంతమంది పసిపిల్లలు కూర్చుంటారంటే ఆ పరీక్ష ఎంత అవసరమో ఆలోచించు.

క్లబ్బులో టీ కప్పులు కడిగే పని ముందు ఒప్పుకో. అక్కడ కూర్చునే పెద్దవాళ్ళలో ఒకరు బేరింగులు గీకడం తెలిసినవారు ఉంటారు, ఇంకొకరికి గేర్లు కోయడం వచ్చుంటుంది. లాఫ్‌బరో దగ్గరి క్వార్న్ పేరుతో ఒక సానపట్టే మిషను ఉంది. లాఫ్‌బరో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా ఉన్న డెనిస్ చాడక్ 1970ల్లో దాని తయారీని ‘మోడల్ ఇంజనీర్’లో వివరంగా రాస్తే చదివి చేసుకున్నవాళ్ళు ఎందరో. కొనకుండా చేసుకున్నారు. అలాంటివారిలో ఒకరు చనిపోయినప్పుడు ఆయన భార్యకు ఆ పనిముట్ల విలువ తెలియక ఇబ్బంది పడుతుంది. క్లబ్బువాళ్ళు వెళ్ళి సరైన ధర కట్టి అమ్మిపెడతారు. నువ్వు కొనేది అక్కడ కొను, బేరమాడకుండా కొను.

ఒక నవల చదువు. నెవిల్ షూట్ ‘ట్రస్టీ ఫ్రమ్ ది టూల్‌రూమ్’. విమాన ఇంజనీరుగా పనిచేసిన ఆ రచయిత పోయిన ఏడాదే, 1960లో, అచ్చయింది. కథానాయకుడు లండన్ శివారు ఇంట్లో చిన్న ఇంజన్లు చేసి, వాటి గురించి పత్రికకు రాసుకుని బతికే మామూలు మనిషి. ‘మోడల్ ఇంజనీర్’లో పెట్రోలు ఇంజన్ల గురించి రాసిన ఎడ్గర్ వెస్ట్‌బరీయే ఆ పాత్రకు మూలమంటారు. కథలో అతనికి పసిఫిక్ మహాసముద్రంలోని ఒక దీవికి వెళ్ళాల్సిన అవసరం పడుతుంది, చేతిలో డబ్బుండదు. దారి పొడుగునా అతని ఉత్తరాలు అందుకున్నవాళ్ళు, అతని డ్రాయింగు చూసి ఏదో ఒకటి చేసుకున్నవాళ్ళు తగులుతూ ఉంటారు. అమెరికాలో కలప వ్యాపారంలో కోట్లు గడించిన పెద్దమనిషి కూడా అతను గీసిచ్చిన గడియారం చేసుకుంటూ ఉంటాడు. నాకు తెలిసి ఈ అభిరుచిలోని మర్యాదను ఇంత బాగా చూపించిన పుస్తకం ఇంకోటి లేదు.

లేత్ చూడటానికి క్లబ్బులో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళు. బెడ్ మీద చక్ దగ్గరి భాగం, బ్యాక్ గేర్, చేంజ్ గేర్ల పెట్టె విడివిడిగా ఫొటోలు తీసి పంపు. మోటారు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా అని అమ్మేవారిని అడుగు. మీ గ్యారేజీకి వచ్చేది సింగిల్ ఫేజే కాబట్టి త్రీ ఫేజ్ మోటారైతే ఇన్వర్టర్ ఖర్చు ధరలో కలుపుకోవాలి. గ్యారేజీ నేల సిమెంటుదా, ఎంత మందం పోశారో ఇంటి యజమానిని అడిగి, స్టాండు బోల్టులకు బెజ్జాలు పెట్టుకోవచ్చునని కాగితం మీద రాయించుకో.

మీ మామయ్య