నేల కింద నీటి నడక: డార్సీ సూత్రం

ఫ్రాన్స్‌లోని డిజాన్ నగరానికి మంచినీళ్లు తెచ్చిన ఇంజనీరు హెన్రీ డార్సీ. ఇసుక నింపిన నిలువు గొట్టంలోకి నీళ్లు వదిలి, పైనా కిందా పీడనం కొలిచి, 1856లో సూత్రం ప్రకటించాడు. దాని ప్రకారం ప్రవాహం నీటిమట్టాల తేడాకు అనులోమానుపాతంలో, ఇసుక పొర పొడవుకు విలోమానుపాతంలో ఉంటుంది.

నేల కింద నీరు ఎటు పోతోందో తేల్చడానికి ఒకే వరుసలో లేని కనీసం మూడు పరిశీలక బావుల నీటిమట్టాలు కావాలి. నీటి వయసు తెలుసుకోవడానికి ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ (అర్ధాయువు సుమారు 12.3 ఏళ్లు) వాడతారు, వేల ఏళ్ల నాటి నీటికైతే కార్బన్-14. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు నేలలోకి ట్రిటియం ఎక్కించి, వానలయ్యాక అదెంత లోతుకు దిగిందో చూసి, భూగర్భంలోకి ఇంకే నీటిని (రీఛార్జి) లెక్కగట్టారు. తెలంగాణ గ్రానైట్‌లో నీరు ఎక్కువగా పగుళ్ల వెంట పోతుంది కాబట్టి, ఇసుకతో తేల్చిన సూత్రాన్ని అక్కడ ఆచితూచి వాడాలి.