అమ్మమ్మకి ఏడు కార్డులు



రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ 1959లో మొదలైంది. మనలో చాలామందిని ఈ క్యారీ చుట్టుపక్కలకి తీసుకొచ్చింది అక్కడి ఉద్యోగాలే. అందుకేనేమో, మన పిల్లలకి కోడింగ్ నేర్పించాలన్న తొందర మనకి కాస్త ఎక్కువ. పోయిన ఏడాది సెవెంత్ గ్రేడ్‌లో ఉన్న మా అబ్బాయి, "నాన్నా, ఆదివారం కోడింగ్ క్లాసు ఉంది, తెలుగు మానేస్తాను" అన్నాడు. రోజూ ప్రోగ్రాములు రాసే నాకే ఏం చెప్పాలో తోచలేదు. ఆ రెండూ ఒకే గదిలో నేర్పలేమా అని ఆలోచించాను.

కంప్యూటర్ లేకుండా ఆటలతో కంప్యూటర్ సైన్స్ నేర్పే పద్ధతి కొత్తదేమీ కాదు. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, ఆయన సహచరులు 1990లలోనే దీన్ని మొదలుపెట్టారు. మా తరగతిలో ఆడిన మూడు ఆటలు ఇవి. మీరూ ఇంట్లో ఆడించవచ్చు.

1. పెరుగన్నం రోబో

నేను రోబోని. పిల్లలు తెలుగులో చెప్పింది చెప్పినట్టే చేస్తాను. "అన్నంలో పెరుగు వెయ్యండి" అన్నారు. మూత కూడా తీయకుండా పెరుగు డబ్బా తీసి అన్నం మీద పెట్టాను. ఒకటే నవ్వులు! "మూత తియ్యండి, రెండు చెంచాల పెరుగు వెయ్యండి, కలపండి" అని సరిదిద్దుకున్నారు. ఏ పని ముందు, ఏది తర్వాత, ఎంత అన్నది స్పష్టంగా చెప్పడమే ప్రోగ్రాం. రోబోకి "అండి" అక్కర్లేదన్నాను కానీ, మాస్టారిని "వెయ్యి" అనడానికి ఒక్కరికీ నోరు రాలేదు!

2. గుణింతం యంత్రం

ఒకరి చేతిలో "క" కార్డు. బల్ల మీద దీర్ఘం, గుడి, కొమ్ము మొదలైన గుర్తులు వరసగా ఉంటాయి. సూచన ఒక్కటే: "తర్వాతి గుర్తు తీసుకో, హల్లుకి తగిలించు, పైకి చదువు, గుర్తులు అయిపోయేదాకా మళ్ళీ చెయ్యి." దీన్నే లూప్ అంటారు. "క" తీసి "గ" పెడితే చాలు, మరో గుణింతం తయారు. సూచన మాత్రం మారదు.

3. అక్షరాల కార్డులు

కంప్యూటర్‌కి అక్షరం అంటే ఒక సంఖ్య. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్ నుంచే మన తెలుగుకి అందులో చోటుంది. కాగితం మీద "అమ్మ" రెండే అక్షరాలు. కంప్యూటర్ లోపల మాత్రం నాలుగు సంఖ్యలు: అ 3077, మ 3118, పొల్లు 3149, మళ్ళీ మ 3118. మధ్యలో పొల్లు ఉంటేనే రెండో "మ" వత్తుగా మారుతుంది.

నలుగురు పిల్లలు కార్డులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. పొల్లు పట్టుకున్న పాపని కూర్చోమన్నాను. "ఇప్పుడు చదవండి." "అమమ!" అని అరిచారు. తప్పు ఎక్కడుందో వెతికి, పాపని మళ్ళీ నిలబెట్టారు. మేము ఆఫీసులో చేసే డీబగ్గింగ్ అంటే ఇదే. అప్పటిదాకా వత్తులు మరిచిపోయే పిల్లలు ఆ రోజు నుంచి వత్తు ఎక్కడుందా అని వెతుకుతున్నారు.

తర్వాత "అమ్మమ్మ" రాయమన్నాను. లెక్క వేసుకుని, "మాస్టారూ, ఏడుగురు కావాలి, మేం ఆరుగురమే ఉన్నాం" అన్నారు. వెనక బెంచీలో తన హోంవర్క్ చేసుకుంటున్న మా అబ్బాయి లేచి వచ్చాడు. "నాన్నా, రెండో పొల్లు నేను" అని వరసలో నిలబడ్డాడు.

కోడింగ్ క్లాసు మానలేదు వాడు. తెలుగూ మానలేదు. టైము మార్చుకున్నాడు, అంతే.

చిన్నారులూ, మీకో హోంవర్క్: "తాతయ్య"కి ఎన్ని కార్డులు కావాలి? గుణింతం గుర్తుకి కూడా ఒక కార్డు ఉంటుందని మరిచిపోకండి. లెక్క పూర్తయ్యాక ఇండియాకి ఫోన్ చేసి తాతయ్యకే చెప్పండి, తెలుగులో!

(జవాబు: ఆరు. త, దీర్ఘం, త, య, పొల్లు, య.)