తొలగించిన ఉత్తరం ఎక్కడికి వెళ్తుంది?

హాల్ టికెట్, ఉపకారవేతనం దరఖాస్తు రసీదు, ప్రవేశపరీక్ష రిజిస్ట్రేషన్ నంబరు వంటివి నేడు ఈ-మెయిల్‌కే వస్తున్నాయి. అక్కరలేని ప్రకటనలను వరసగా తీసివేస్తున్నప్పుడు వాటితోపాటు ఇలాంటి ఉత్తరం ఒకటి పోవచ్చు. అప్పుడు కంగారు పడనక్కరలేదు. అలాగని తర్వాత చూద్దాంలే అని ఊరుకోనూ కూడదు. ఎందుకో జీమెయిల్‌ను ఉదాహరణగా తీసుకుని తెలుసుకుందాం.

తొలగించడం అంటే ఏమిటి?

మన ఉత్తరాలు ఉండేది ముఖ్యంగా గూగుల్ సర్వర్లలో. ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ మనకు కనిపించేది ఆ ఒకే ఖాతా. అందుకే ఫోనులో తీసివేసిన ఉత్తరం కంప్యూటర్‌లోనూ కనిపించదు. ఒకచోట తిరిగి తెచ్చుకుంటే రెండుచోట్లా వస్తుంది.

డిలీట్ నొక్కగానే ఉత్తరం నశించదు. ఇన్‌బాక్స్ నుంచి చెత్తబుట్టలోకి, అంటే 'ట్రాష్'లోకి చేరుతుంది. కొన్ని ఖాతాల్లో దీని పేరు 'బిన్' అని ఉంటుంది. అక్కడ 30 రోజులు ఉండి, ఆ తర్వాత దానంతటదే శాశ్వతంగా పోతుంది. ఈ 30 రోజుల లెక్క ఉత్తరం వచ్చిన రోజు నుంచి కాదు, మనం తొలగించిన రోజు నుంచి.

వెతికే క్రమం

1. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఎడమవైపు పట్టికలో 'మోర్' నొక్కండి. కింద 'ట్రాష్' లేదా 'బిన్' కనిపిస్తుంది. అందులో ఉత్తరాన్ని తెరిచి చదవవచ్చు. పైన ఉన్న 'మూవ్ టు' గుర్తు నొక్కి 'ఇన్‌బాక్స్' ఎంచుకుంటే అది మళ్లీ యథాస్థానానికి వస్తుంది. చదివి అక్కడే వదిలేస్తే గడువు ఆగదు.

2. అక్కడ లేకపోతే 'ఆల్ మెయిల్' చూడండి. ఫోనులో ఉత్తరాన్ని వేలితో పక్కకు జరిపితే, సెట్టింగును బట్టి అది తొలగిపోకుండా 'ఆర్కైవ్' కావచ్చు. ఆర్కైవ్ అయినది ఇన్‌బాక్స్‌లో కనిపించకపోయినా 'ఆల్ మెయిల్'లో భద్రంగా ఉంటుంది. దానికి 30 రోజుల గడువు లేదు.

3. తర్వాత 'స్పామ్' చూడండి. మనం తొలగించకపోయినా జీమెయిలే అనుమానించి కొన్నిటిని అక్కడికి పంపుతుంది. అక్కడా గడువు 30 రోజులే.

4. మామూలు వెతుకులాట ట్రాష్‌నూ స్పామ్‌నూ వదిలేస్తుంది. అన్నిచోట్లా వెతకాలంటే వెతికే పెట్టెలో ఆంగ్ల అక్షరాలతో 'ఇన్' అని, కోలన్ గుర్తు పెట్టి, 'ఎనీవేర్' అని ఖాళీ లేకుండా కొట్టండి. ఆ తర్వాత ఖాళీ ఇచ్చి, పంపినవారి పేరు గానీ, విషయంలోని ఒక మాట గానీ చేర్చండి.

శాశ్వతంగా పోతే?

'ఎంప్టీ ట్రాష్' నొక్కినా, 30 రోజులు దాటినా ఉత్తరం మన చేతికి అందదు. పాఠశాల ఇచ్చిన గూగుల్ వర్క్‌స్పేస్ ఖాతా అయితే ఇంకొక అవకాశం ఉంది. శాశ్వతంగా పోయిన 25 రోజుల లోపు ఆ ఖాతాలను నిర్వహించే అడ్మినిస్ట్రేటర్ దానిని తిరిగి తెప్పించగలరు. వెంటనే కంప్యూటర్ ఉపాధ్యాయునికి చెప్పండి. సొంత ఖాతా అయితే పంపినవారినే మళ్లీ పంపమని అడగడం మేలు. వారి 'సెంట్' పెట్టెలో ఆ ఉత్తరం ప్రతి ఉండే అవకాశం ఎక్కువ.

పోయిన ఉత్తరాలు తెచ్చిపెడతామని ఎవరైనా పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అడిగితే ఇవ్వకండి. ఉత్తరం కోసం ఖాతానే పోగొట్టుకోవలసి వస్తుంది.

ఇంకో సంగతి. మనం వెతకగలిగినది, మన ఖాతా తెరిచిన మరెవరైనా వెతకగలరు. ల్యాబ్‌లో పని ముగిశాక సైన్ అవుట్ కాకుండా లేస్తే, తర్వాత కూర్చున్నవారు ట్రాష్ కూడా చదవవచ్చు. 'తీసేశాను కదా' అన్న ధీమా అక్కడ పనికిరాదు.

అభ్యాసం

మీకు మీరే ఒక ఉత్తరం పంపుకోండి. దానిని తొలగించి, పై క్రమంలో వెతికి ఇన్‌బాక్స్‌కు తెండి. తర్వాత దానినే ఆర్కైవ్ చేసి, ట్రాష్‌లో ఎందుకు కనిపించదో మీ మాటల్లో రాయండి.