గుండె లయ తప్పిన అమ్మ – మెట్ల మొక్కు

మా అమ్మగారికి డెబ్బైయారు సంవత్సరాలు. పెళ్ళయిన నాటి నుండి ఏడాదికొకసారి అలిపిరి దారిన కాలినడకను కొండనెక్కి శ్రీవారిని సేవించుకోవడం ఆమెకు నియమం. మనుమడికి ఉద్యోగం వస్తే మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడతానని రెండేళ్ళ క్రితం మొక్కుకొన్నది. ఉద్యోగం వచ్చింది. ఆ వెంటనే ఆమె గుండె లయ తప్పుతున్నదన్న సంగతీ బయటపడింది.

బయటపడిన తీరు చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉన్నది. ముప్పయి ఏళ్ళు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించినవాడను. గుండెకు నాలుగు గదులని ఎన్ని వందల మంది పిల్లల చేత బొమ్మ గీయించానో లెక్కలేదు. "గుండెలో పిట్ట రెక్కలు కొట్టుకొన్నట్లుంది" అని అమ్మ పక్కింటి ఆమెతో చెప్పుకొన్నది గాని నాతో చెప్పలేదు. చెబితే కొండకు పంపనేమోనని ఆమె భయం. తీసుకొనిపోయి ఈసీజీ తీయిస్తే అంతా సవ్యంగానే వచ్చింది. ఈ రకపు లయభంగం కొందరిలో వచ్చి పోతూ ఉంటుంది. పటం తీసే ఆ కొద్ది సెకన్లలో రాకపోతే దొరకదు. ఇరవై నాలుగు గంటలు ఒంటికి కట్టి ఉంచే హోల్టర్ యంత్రంలో మూడవ జామున పట్టుబడింది.

గుండె కుడి కర్ణిక పైభాగంలో ఒక చిన్న కణుపు ఉన్నది. నిమిషానికి 60 నుండి 100 మార్లు విద్యుత్ప్రేరణను పుట్టించి గుండెను నడిపేది అదే. వయసు మీరిన కొద్దీ, రక్తపోటు ఉన్న కొద్దీ, కర్ణికల కండరంలో అక్కడక్కడ అనవసరపు ప్రేరణలు చెలరేగి కణుపు పెత్తనం చెల్లకుండా పోతుంది. అప్పుడు కర్ణికలు ముడుచుకొనవు, వణుకుతాయి. దీనినే వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అసలు భయం ఆ వణుకుది కాదు. వణికే గదిలో రక్తం నిలువ ఉండి గడ్డ కడుతుంది; ఆ గడ్డ కదిలి మెదడుకు పోతే పక్షవాతం. ఆ ప్రమాదం మామూలు వారికన్నా సుమారు అయిదు రెట్లు ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా మందు వేసుకోమని వైద్యులు ఒత్తి చెప్పేది అందుకే. దడ తగ్గిందని ఆ మందు మానడం కూడని పని.

నాడి చూడడం ఎవరైనా నేర్వవచ్చు. బొటనవ్రేలి మొదట, మణికట్టు మీద మూడు వ్రేళ్ళు ఆనించి, నిండు నిమిషం లెక్కించాలి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించే పద్ధతి లయ తప్పిన నాడికి పనికిరాదు. మొదట్లో నేను రోజుకు పదిసార్లు అమ్మ చేయి పట్టుకొనేవాడను. ఒకనాడు ఆమె విసుగుకొని "నాయనా, నేనేమన్నా గడియారమా?" అన్నది. అప్పటి నుండి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మాత్రమే.

కొండకు వచ్చే వృద్ధుల విషయంలో పొరబాట్లు చిన్నచిన్న చోట్ల జరుగుతాయి. దర్శనమయ్యే వరకు ఏమీ ముట్టనని మాత్రలు కూడా మానివేసేవారున్నారు. మోకాళ్ళ నొప్పికని అంగడిలో అడిగి తెచ్చుకొనే మాత్ర, గడ్డకట్టనివ్వని మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావానికి దారితీయవచ్చు. తలనీలాలు సమర్పించే వేళ కత్తిగాటు పడితే రక్తం త్వరగా ఆగదు; కల్యాణకట్టలో కూర్చొనగానే ఆ సంగతి చెప్పాలి. వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు మాననక్కరలేదు, ఒకనాడు గంపెడు, మరునాడు లేకుండా కాక ఇంచుమించు ఒకే పాళ్ళలో తినాలి. పేస్‌మేకర్ అమర్చుకొన్నవారు మెటల్ డిటెక్టర్ ద్వారంలో నిలువక మామూలు నడకతో దాటిపోవచ్చు. మూతి వంకరపోయినా, ఒక చేయి వాలిపోయినా, మాట తడబడినా క్షణమాగక 108కి చెప్పాలి. అది మొదలైన వేళ గుర్తుంచుకోవాలి, వైద్యులు మొదట అడిగేది అదే.

ఇక మొక్కు మాట. వైద్యులు నడకను వద్దనలేదు. 3,550 మెట్లను వద్దన్నారు. గుండెజబ్బు గలవారు, అరవై దాటినవారు నడకదారిని రాకుండుట మేలని దేవస్థానమే భక్తులను కోరియున్నది. అమ్మ ఒప్పుకొనలేదు. మోకాళ్ళ మిట్టను రామానుజులవారు మోకాళ్ళపై ఎక్కారని పెద్దలు చెప్పే కథను నాకు అప్పగించింది. ఆ చోటనే ఆకలితో సొమ్మసిల్లిన బాల అన్నమయ్యకు అమ్మవారే ప్రసాదం తినిపించి సేదతీర్చిన కథను నేను చెప్పాను. 1944లో ఘాట్ రోడ్డు పడక ముందు ఓపిక లేని వృద్ధులు డోలీలలో వచ్చేవారు గదా, వారి మొక్కులు చెల్లలేదా అని కూడా అడిగాను. ఆమె బదులు చెప్పలేదు. గడచిన మార్గశిరంలో ఒక తెల్లవారుజామున మాత్రం తానే పసుపు కుంకుమల పొట్లం నా చేతికిచ్చింది.

అలిపిరి పాదాల మండపం వద్ద మొదటి అయిదు మెట్లకు ఆమె వంగి పెట్టింది, తక్కినవి నేను. ఆమె మా అబ్బాయితో కలిసి బస్సులో పైకి వెళ్ళింది. గాలిగోపురం చేరేసరికి నాకే ఆయాసం. ఇన్నేళ్ళుగా ఆమె ఇది ఎట్లా ఎక్కిందో! మరునాడు వయోవృద్ధుల వరుసలో ఆమె ఒక్కతే లోపలికి పోయింది. సెల్‌ఫోను వెంట ఉండదు గనుక, మందుల పేర్లు, వేసుకొనే వేళలు, నా నంబరు వ్రాసిన కాగితం ఆమె కొంగుకు ముడివేశాను. బయట నిలిచిన ఆ రెండు గంటలలో నేను లెక్కించినది నా గుండెచప్పుడే.

లడ్డూల సంచితో బయటికి వచ్చి, నేను అడుగకమునుపే చేయి చాచింది. "ఊఁ, లెక్కపెట్టుకో నాయనా." ఎనభై రెండు. లయ కుదరలేదు గాని వేగం అదుపులోనే ఉన్నది. "ఎంత?" అని అడిగింది. చెప్పాను. "స్వామి ఎదురుగా నిలుచున్నప్పుడు ఇంకా ఎక్కువే కొట్టుకొనింది" అన్నది. ఆమె తనంత తానుగా నాకు చెప్పడం అదే మొదటిసారి.